మునియప్ప ఎవరి మనిషీ కాదు

నేను ఒక మనిషి పేరు చెడగొట్టాను. ఆ సంగతి నాకు తెలుసు, అతనికి తెలుసు. ఇప్పుడు అతను లేడు. నేనొక్కణ్ణే మిగిలాను, ఈ మాటతో.

మొదట గుండెల మీద బరువు అని ఏదో రాశాను. చదివి కొట్టేశాను. అలాంటి మాటలు నాకు చాలా సులువుగా వస్తాయి. వాటితోనే ఓట్లు అడిగాను, వాటితోనే గెలిచాను. మీ దగ్గర కూడా అవే వాడితే ఇది రాయడం ఎందుకు? కనుక ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి ప్రయత్నిస్తాను. ఎక్కడైనా అందంగా అనిపిస్తే అక్కడ నన్ను నమ్మకండి.

కృష్ణగిరి ఇంకా ధర్మపురి జిల్లాలోనే ఉన్న రోజుల్లో నేను శాసనసభ్యుణ్ణి. పేరు చెప్పను. ఎందుకు చెప్పవు అంటే ధైర్యం లేక. అదీ ఒప్పుకుంటున్నాను.

నాకు మాట్లాడటం వచ్చు. మా వైపు వాళ్ళకు మూడు భాషలూ నోట్లో తిరుగుతాయి, అది పెద్ద విషయం కాదు. కానీ నేను అసెంబ్లీలో తమిళంలో మాట్లాడినా, హోసూరు ఫ్యాక్టరీ గేట్ల దగ్గర కన్నడంలో మాట్లాడినా, పల్లెల్లో తెలుగులో మాట్లాడినా జనం ఆగి వినేవాళ్ళు. కావేరి నీళ్ళ గురించి మాట్లాడాను. అణు పరీక్షల గురించి మాట్లాడాను. ఉల్లిగడ్డల ధర గురించి, ఢిల్లీలో ఏడాదికొకసారి పడిపోయే ప్రభుత్వాల గురించి, డెంకణికోట వైపు రాగి చేలల్లో పడే ఏనుగుల గురించి మాట్లాడాను. విలేకరులకు నేనంటే ఇష్టం. ఏది అడిగినా జవాబు ఉండేది. తెలియదు అన్న మాట నా నోట ఎవరూ విని ఉండరు.

మునియప్ప నాకు చిన్నప్పటినుంచి తెలుసు. మాది భూమి ఉన్న కుటుంబం, వాళ్ళది గొర్రెలు కాసే కుటుంబం. ఐదో తరగతి దాకా ఒకే బెంచీ. తరువాత అతను మంద వెనక పోయాడు, నేను కృష్ణగిరి హైస్కూలుకు పోయాను. నా మొదటి ఎన్నికల్లో నాకోసం ఊరూరూ తిరిగింది అతనే. జీపు ఎక్కమంటే ఎక్కేవాడు కాదు. జీపులో పోతే గొల్ల ఇళ్ళ ముందు ఎవరూ నిజం చెప్పరు అనేవాడు. నలుగురిలో ఉన్నప్పుడు నన్ను మీరు అనేవాడు. ఇద్దరమే ఉన్నప్పుడు నువ్వు.

మా ఊరు గురుబరపల్లి దాటాక హైవే వదిలి లోపలికి పోవాలి. ఊరి వెనక ఒక గుట్ట. చుట్టుపక్కల మందలన్నీ మేసేది ఆ గుట్ట మీదే. నేను గెలిచిన రెండో ఏడాది దాన్ని నల్లరాతి క్వారీకి ఇచ్చేశారు. బర్గూరు వైపు అలాంటివి చాలా చూశాం కాబట్టి ఏం జరగబోతోందో అందరికీ తెలుసు. పేలుళ్ళు మొదలయ్యాయి. గడ్డి మీద తెల్లగా రాతి పొడి. ఆ గడ్డి తిన్న గొర్రెలు దగ్గేవి. గొర్రె దగ్గితే మనిషి దగ్గినట్టే ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

అసెంబ్లీలో మాట్లాడతానని ఊరికి మాట ఇచ్చాను. మాట్లాడాను కూడా. గుట్ట సంగతి ఎత్తేలోపలే నా సమయం అయిపోయిందని బెల్లు కొట్టారు. ముందంతా నేను ఢిల్లీ గురించి మాట్లాడాను మరి. తప్పు బెల్లుదా?

ఊళ్ళో మాట పడుతున్నాను. ఏదో ఒకటి చేసి చూపించాలి. ఆ ఆలోచన నాదే. ఒక సాయంత్రం మా మామిడి తోటకు మునియప్పను పిలిపించి చెప్పాను. మందలన్నీ తోలుకొచ్చి క్వారీ రోడ్డుకు అడ్డంగా నిలపండి, మీరు మధ్యలో కూర్చోండి, మనుషులనైతే అరెస్టు చేస్తారు గానీ గొర్రెలను ఏ పోలీసు అరెస్టు చేస్తాడు అన్నాను. పేపర్లలో ఫోటో ఎంత బాగా పడుతుందో కూడా చెప్పాను. నేను అనుకోకుండా ఆ దారిన వచ్చినట్టు వస్తాను, జనం కష్టం చూసి అక్కడే కూర్చుంటాను. ముందే నేను చెప్పి చేయించినట్టు తెలిస్తే ఆ బలం ఉండదు. అందుకని నా పేరు ఎవరి దగ్గరా ఎత్తొద్దన్నాను. అతను గంగమ్మ మీద ప్రమాణం చేశాడు. నేను అడిగితేనే చేశాడు.

పోతూ పోతూ ఒక్కటే అడిగాడు. "నువ్వు వస్తావు కదప్పా?"

వస్తానన్నాను. అన్నప్పుడు అబద్ధం కాదు. ఆ సంగతి మీరు నమ్మితే నాకు కొంచెం ఊరట. నమ్మకపోయినా ఫర్వాలేదు.

అనుకున్న రోజు పొద్దున బయల్దేరబోతుంటే చెన్నై నుంచి ఫోను. మా పార్టీ పెద్దాయన. ఢిల్లీలో మళ్ళీ ప్రభుత్వం పడింది, పార్లమెంటు ఎన్నికలు ఖాయం అన్నాడు. ఆ మాట కోసమే నేను చెవి ఒగ్గి ఉన్నాను. ఎంపీ టికెట్టు మీద నాకు ఆశ ఉంది, ఆయనకు ఆ సంగతి తెలుసు. తరువాత మామూలుగా అడిగినట్టే అడిగాడు. మీ ఊరి దగ్గర ఏదో రోడ్డు అడ్డగిస్తున్నారట, ఆ క్వారీవాళ్ళు మనతో పొత్తు పెట్టుకోబోయే పార్టీలో పెద్ద మనిషికి దగ్గర చుట్టాలు, అందులో నీ చెయ్యి లేదు కదా.

లేదన్నాను. ఎంత తొందరగా అన్నానో ఇప్పటికీ నాకు ఆశ్చర్యం. ఆలోచించుకుని ఆడిన అబద్ధం కాదది. కాలికి ముల్లు తగిలితే కాలు వెనక్కి లాక్కున్నట్టు వచ్చేసింది.

అయితే నువ్వు హోసూరులో ఉండు, అక్కడ మీటింగు పెట్టు, ఢిల్లీ గురించి మాట్లాడు అన్నాడు. హోసూరు పోయాను.

మునియప్పకు కబురు పంపలేనా? పంపగలను. ఊళ్ళో బంకు దగ్గర ఫోను ఉంది. మా డ్రైవరు బండి మీద పోయి చెప్పి రాగలడు. కాసేపు కూర్చుని, నేను రాకపోతే వాళ్ళే లేచిపోతారు అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా, లేక అనుకున్నట్టు నాకు నేనే చెప్పుకున్నానా? దీన్ని ఎన్నిసార్లు తిరగేసి చూసినా తేలలేదు. తేలకపోవడమే నాకు సౌకర్యంగా ఉందేమో.

హోసూరు మీటింగు బాగా జరిగింది. షిఫ్టు దిగిన కార్మికులు చాలామంది ఆగారు. మాట ఇచ్చి మధ్యలో చెయ్యి వదిలేసినవాళ్ళ వల్లే ఢిల్లీలో ప్రభుత్వం పడిందని, అలాంటివాళ్ళను జనం క్షమించరని నేను మైకులో అన్నాను. చప్పట్లు చాలాసేపు మోగాయి.

అదే సమయానికి మా ఊళ్ళో పోలీసులు దిగారు. జనం లేవలేదు. ఇంకొంచెంసేపు ఉందామని మునియప్పే వాళ్ళను ఆపాడట. ఎవరి కోసమో చెప్పలేదు. విజిళ్ళు వేశారు, లాఠీలు ఎత్తారు. మనుషులు చెదిరారు. గొర్రెలకు విజిలంటే ఏం తెలుసు? ఒకటి బెదిరితే మంద అంతా దాని వెంట పడింది. క్వారీ రోడ్డు పల్లంగా హైవేలో కలుస్తుంది. బెంగళూరు వైపు నుంచి వచ్చే లారీలు ఆగలేకపోయాయి.

మునియప్ప అడ్డం పడి మందను తిప్పబోయాడు. చెయ్యి విరిగింది. గొర్రెలు పోయాయి. అతనివే కాదు, అతని మాట నమ్మి తోలుకొచ్చిన అందరివీ.

నేను మర్నాడు పోయాను. రోడ్డు కడిగేసి ఉంది. ఆడవాళ్ళు గట్టు మీద కూర్చుని ఉన్నారు, ఎవరూ ఏడవడం లేదు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. అలవాటు కొద్దీ లేచారు. అంతకంటే రాళ్ళు విసిరి ఉంటే బాగుండేది.

ఆ వారం గురుబరపల్లి సంతలో మీటింగు. గొర్రెలు పోయినవాళ్ళు, వాళ్ళ చుట్టాలు, విలేకరులు, అందరూ వచ్చారు. క్వారీవాళ్ళను ఏమీ అనకూడదని చెన్నై నుంచి చెప్పి పంపారు. పోలీసులను అంటే, రోడ్డు అడ్డగించినందుకు మునియప్ప మీద, మనవాళ్ళ మీద పెట్టిన కేసు విషయంలో సాయం దొరకదు. మరి ఇంత నష్టానికి ఎవరో ఒకరు కారణం కావాలి కదా. నేను మాట్లాడుతూ పోయాను. ఇది మన అమాయకులు చేసిన పని కాదన్నాను. పక్క గుట్ట క్వారీవాడు పోటీ పడి చేయించాడన్నాను. మన ఊళ్ళోనే వాడికి ఒక మనిషి ఉన్నాడన్నాను.

అక్కడితో ఆపుదామనే అనుకున్నాను. గుంపులోంచి ఎవరో గట్టిగా అడిగారు. ఎవరు?

మైకు ముందు నిలబడినవాడికి మీకు తెలియని ఒక జబ్బు ఉంటుంది. జనం ఒక ప్రశ్న అడిగి ఎదురుచూస్తుంటే, ఆ నిశ్శబ్దాన్ని ఖాళీగా వదలలేడు. నేను పేరు చెప్పాను. మునియప్ప అన్నాను. ఇది సాకు కాదు, మీకు అలా వినిపిస్తే ఈ పేరా చదవకుండా వదిలేయండి. పేరు చెప్పాను, అంతే.

కొద్ది రోజులకు అతను తోటకు వచ్చాడు. చేతికి నాటు కట్టు. నా భార్య మజ్జిగ ఇస్తే తాగి, లోటా అరుగు మీద పెట్టాడు. మేమిద్దరమే ఉన్నా మీరు అన్నాడు. నాకు మొదట తగిలింది అదే.

"ఎందుకు అన్నారని అడిగేదానికి రాలేదు. అన్నారు, అయిపోయింది. ఆడ ఏం చెప్పినారో మళ్ళా ఆడికే వచ్చి కాదని చెప్పండి. ఆ సంతలోనే, ఆ మైకులోనే. నాకు ఇంకేమీ వొద్దు."

కేసు సంగతి నేను చూసుకుంటానన్నాను. చెయ్యి కృష్ణగిరిలో మంచి డాక్టరుకు చూపిద్దామన్నాను.

"కేసు ఉండనీండి. జైలుకు పొమ్మంటే పోతాను. గొర్రెలు పోయినోళ్ళు నా మొగం చూసేది లేదు. నా కొడుకును బావి కాడ నీళ్ళు చేదుకోనీలేదు."

"ఎలక్షన్ అయిపోనీ మునియప్పా. అయినాక నేనే చెప్తాను."

"అప్పుడు ఎవురు వింటారు?"

నాకు కోపం వచ్చింది. దోషికి వచ్చే కోపం అది, అన్నిటికంటే పెద్దగా ఉంటుంది. నువ్వే చెప్పుకో, నేనేమైనా నీ నోరు కట్టేసినానా అన్నాను. అతను చెప్పడని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

 అప్పుడు మళ్ళీ నువ్వులోకి వచ్చాడు.

"నీ పేరు ఎత్తనని గంగమ్మ మీద ప్రమాణం చేసినానప్పా. నేను నోరు తెరిస్తే అది తప్పినట్ల. చేయించుకున్నోడివి నువ్వు. నువ్వే విప్పల్ల."

లేచి పోయాడు. నేను వెనక పిలవలేదు.

టికెట్టు నాకు రాలేదు. పొత్తులో ఆ సీటు వేరే పార్టీకి ఇచ్చేశారు. నేను వాళ్ళ తరఫున ఊరూరూ తిరిగి మాట్లాడాను. క్వారీవాళ్ళ చుట్టం పక్క కుర్చీలో కూర్చున్నాడు. మా ఊరికి కూడా పోయాం. చెప్పాలంటే అక్కడ చెప్పొచ్చు. చెప్పలేదు. ఆ తరువాత అసెంబ్లీ ఎన్నికలు వచ్చాయి, అవి అయ్యాక అనుకున్నాను. వాటిలో ఓడిపోయాను. ఓడినవాడి మాట ఎవరికి కావాలి, మళ్ళీ గెలిచాక చెబుదాం అనుకున్నాను. ఇలా ప్రతిదానికీ ఒక తరువాత దొరికింది. దేశం గురించి, రాష్ట్రం గురించి ఒక్కరోజు కూడా ఆగకుండా మాట్లాడినవాణ్ణి, ఈ ఒక్క విషయానికి మంచి సమయం కోసం కాచుకున్నాను. చూడండి ఎంత ఓపికో.

ఆ ఏడాది గంగమ్మ జాతరలో పలక డప్పు కొట్టేవాళ్ళ ముందు మునియప్ప నడవలేదు. వాళ్ళ ఇంటివాళ్ళే తరతరాలుగా ముందు నడిచేది. ఎవరూ రావద్దని చెప్పలేదట, ఎవరూ పిలవలేదు. అతను మిగిలిన కాసిని గొర్రెలూ అమ్మి, భార్య తిమ్మక్కను, కొడుకును తీసుకుని హోసూరు పోయాడు. ఒక ఫ్యాక్టరీలో గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. వాయిదాల కోసం కృష్ణగిరి కోర్టుకు మాత్రం వచ్చి పోతుండేవాడు. కేసు చివరికి దానంతట అదే కొట్టుకుపోయింది. నేను చూసుకుంటానన్నది కూడా నేను చూసుకోలేదు.

ఒకసారి ఆ ఫ్యాక్టరీ పండగకు నన్ను అతిథిగా పిలిచారు. మునియప్ప ఉండేది అక్కడేనని నాకు తెలియదు. కారు గేటు దగ్గర ఆగింది. టోపీ పెట్టుకుని గేటు తీసింది మునియప్ప. లోపల ఎవరున్నారో చూడకుండానే సెల్యూట్ చేశాడు. తరువాత చూశాడు. చెయ్యి దించలేదు, కారు లోపలికి పోయేదాకా అలాగే ఉంచాడు. ఆ చెయ్యి మోచేతి దగ్గర కొంచెం వంకరగా అతికింది. నేను కారు అద్దం దించలేదు. లోపల మైకు ఉంది. దేశంలో కార్మికుల గౌరవం గురించి మాట్లాడాను.

ఇంతలో కృష్ణగిరి జిల్లా అయింది. ఆ సంబరంలోనూ మాట్లాడాను. గుట్ట ఉన్న చోట పెద్ద గొయ్యి, అందులో పచ్చటి నీళ్ళు. క్వారీవాళ్ళు ఇంకో గుట్టకు పోయారు. దేని కోసం ఎవరిని పోగొట్టుకున్నానో లెక్క చూస్తే, ఆ గుట్టా మిగల్లేదు, నాకు టికెట్టూ రాలేదు, ఆ పొత్తూ నిలవలేదు. దేని కోసం చేశానో అదైనా దక్కి ఉంటే నా పాపానికి ఒక రూపం ఉండేది. ఉత్త పుణ్యానికి చేశాను అనాలా, ఉత్త పాపానికి అనాలా?

జిల్లా అయిన కొన్నాళ్ళకు మునియప్ప పోయాడు. గుండె ఆగిందన్నారు. ఊరికి తెచ్చారని తెలిసి పోయాను. నాకు కుర్చీ వేశారు. మా వైపు నాయకుడు వస్తే రెండు మాటలు చెప్పమనడం ఆనవాయితీ. ఎవరో చెప్పమన్నారు. నేను లేచాను కూడా. ఈసారి చెప్పేవాణ్ణా? చెప్పేవాణ్ణనే నా నమ్మకం. కానీ నా నమ్మకాల విలువ మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

తిమ్మక్క తల ఎత్తకుండానే అంది. "ఈడ మాటలు వొద్దప్పా. కూర్చుంటే కూర్చోండి, లేదంటే పోండి."

ఆమెకు తెలుసా? అతను చెప్పి ఉంటాడా? చెప్పి ఉండడు. తనంతట తనే గ్రహించిందేమో.  కూర్చున్నాను. మట్టి వేసేదాకా అక్కడే కూర్చున్నాను.

ఆ తరువాత గురుబరపల్లి సంతలో ఏదో ధరల మీద మా పార్టీ మీటింగు పెట్టింది. నేను మైకు తీసుకుని, ధరల సంగతి వదిలేసి, జరిగింది చెప్పాను. గొర్రెలను రోడ్డు మీదికి తెమ్మన్నది నేనే అన్నాను. మునియప్ప ఎవరి మనిషీ కాదన్నాను.   ఎవరో ఒకరు లేచి నన్ను తిడతారని ఎదురుచూశాను.

చప్పట్లు కొట్టారు.

మా పార్టీ యువకుడు మైకు అందుకుని, చచ్చిపోయినవాడి మీది నింద పోవాలని తప్పు తన మీద వేసుకున్న పెద్ద మనసు అన్నాడు. మర్నాడు పేపర్లో కూడా అలాగే వచ్చింది. నేను దిగి వస్తుంటే, ఆనాడు మంద అంతా పోగొట్టుకున్న ముసలాయన ఒకడు నా చెయ్యి పట్టుకున్నాడు. "బాగా మాట్లాడినావప్పా," అన్నాడు. "ఎలక్షన్ వస్తా ఉండాది గదా."

నిజమేనని అతని చేతులు పట్టుకుని చెప్పాను. తల ఊపాడు. పిల్లవాడు మారాం చేస్తే ఊపినట్టు. ఇంకో ఇద్దరి ఇళ్ళకు పోయి చెప్పాను. వాళ్ళు కాఫీ ఇచ్చారు. ఇప్పుడు ఎందుకులేప్పా అవన్నీ అన్నారు. ఊరికి మునియప్ప ఇప్పటికీ పక్క గుట్ట క్వారీవాడి మనిషే. ఆ రోజు మైకులో నేను చెప్పిన అబద్ధాన్ని అందరూ నమ్మారు. అదే మైకులో నిజం చెబితే ఒక్కడూ నమ్మలేదు. ఎవరి మీద కోప్పడాలి? ముప్పై ఏళ్ళ వయసు నుంచీ వాళ్ళకు నేను నేర్పిందే వాళ్ళు నేర్చుకున్నారు.

అందుకే రాస్తున్నాను. మీకు నా ఓటుతో పని లేదు, నాకు మీ ఓటుతో పని లేదు. మీరు నా గొంతు వినలేరు, నా చేతులు ఎలా కదులుతున్నాయో చూడలేరు. నన్ను క్షమించమని అడగను. ఆ పని చేయగలిగినవాణ్ణి మట్టిలో పెట్టి వచ్చాం. తిమ్మక్క హోసూరులో కొడుకు దగ్గర ఉంది. ఆమె దగ్గరికి పోవాలా? పోతే ఆమె కోసం పోతానా, నా కోసమా? తేలేదాకా పోకూడదు అనుకుంటున్నాను. ఇది కూడా ఇంకో తరువాత అని నాకు తెలుస్తూనే ఉంది.

మందలను రోడ్డు మీదికి తోలమన్నది నేను. వస్తానని రానివాణ్ణి నేను. సంతలో అతని పేరు చెప్పినవాణ్ణి నేను. విప్పమని అతను అడిగినప్పుడు విప్పనివాణ్ణి నేను. మునియప్ప ఏ తప్పూ చేయలేదు, నన్ను నమ్మడం తప్ప.

ఆ చివరి మూడు మాటలు చూశారా, మళ్ళీ అందం కోసం వచ్చాయి. కొట్టేస్తున్నాను. మునియప్ప ఏ తప్పూ చేయలేదు.